విదేశాలకు ఆర్కిటెక్ట్‌గా వెళ్లాలా, ప్లానర్‌గా వెళ్లాలా?

ప్రశ్న: "నాది తెనాలి. బి.ఆర్క్ అయి రెండేళ్లయింది. హైదరాబాద్‌లో ఒక చిన్న ఫర్మ్‌లో చేస్తున్నాను, జీతం పాతిక వేలు. ఎక్కువగా శాంక్షన్ డ్రాయింగులు, త్రీడీ వ్యూలు. బయటికి వెళ్లాలని ఉంది. ఎం.ఆర్క్ చేయాలా, అర్బన్ ప్లానింగ్ చేయాలా? ఏ దేశం మంచిది? దుబాయ్‌లో మా సీనియర్ డైరెక్టుగా ఉద్యోగం చూస్తానంటున్నాడు. ముప్పై అయిదు లక్షల లోన్ అంటే ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. వెనక్కి వస్తే ఆ డిగ్రీ ఇక్కడ పనికొస్తుందా? అమరావతి లాంటి పనులకు బయటివాళ్లనే పిలుస్తున్నారు కదా, అందుకే అడుగుతున్నాను అన్నా."

జవాబు:

తమ్ముడూ, ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. విశాఖలో బి.ఆర్క్ చదివాను. హైదరాబాద్‌లో కొన్నాళ్లు, దుబాయ్‌లో కొన్నాళ్లు ఆర్కిటెక్చర్ పని చేసి, ఆ తర్వాత ఇంగ్లండ్‌లో ప్లానింగ్ మాస్టర్స్ చేశాను. ఇప్పుడు ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక కౌన్సిల్, అంటే అక్కడి స్థానిక ప్రభుత్వం, ప్లానింగ్ విభాగంలో ఉద్యోగం. కాబట్టి బ్రిటన్, గల్ఫ్ గురించి చెప్పేది నేను చేసి చూసింది. అమెరికా, ఆస్ట్రేలియా, సింగపూర్ గురించి చెప్పేది అక్కడున్న బ్యాచ్‌మేట్లతో మాట్లాడి, రూల్స్ చదివి తెలుసుకున్నది. ఆ తేడా గుర్తు పెట్టుకుని చదువు.

ఏ దేశం మంచిదని అడిగావు. నన్నడిగితే ప్రశ్న అలా వేయకూడదు. ఏ దేశంలో ఇల్లు కట్టుకోవడానికి అనుమతి ఎలా ఇస్తారో, ఎవరు ఇస్తారో, ఏ కారణంతో కాదంటారో కూర్చుని నేర్చుకునే ఓపిక నీకుంది? ఆ దేశానికే వెళ్లు. రెవిట్, ఆటోకాడ్ సాఫ్ట్‌వేర్లు, రెండరింగ్ చూసి నీకు మొదటి ఉద్యోగం ఇస్తారు. మూడో ఏడాది నుంచి జీతం పెరగాలన్నా, ప్రాజెక్టు చేతికి రావాలన్నా ఆ ఊరి రూల్స్ తెలిసినవాడికే. బయట పదేళ్లు పనిచేసి కూడా ఇంకా వర్కింగ్ డ్రాయింగుల దగ్గరే ఆగిపోయిన మనవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో డిజైన్ రానివాళ్లు తక్కువ. ఆ దేశం చట్టం పుస్తకం తెరవనివాళ్లే ఎక్కువ.

ముందు ఆర్కిటెక్ట్ అనే పేరు సంగతి చూద్దాం. మన దగ్గర 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయితేనే ఆ పేరు పెట్టుకోవాలి. కానీ ఇల్లు కట్టించుకునే ఆయనకు ఆ పేరుతో పనేముంది? ప్లాన్ గీసేది ఒక ఇంజినీరో, ఎల్.టి.పి.నో (మునిసిపాలిటీ లైసెన్స్ ఉన్న టెక్నికల్ పర్సన్), డ్రాఫ్ట్స్‌మనో అయినా ఆయన పని జరిగిపోతుంది. ఆ చట్టం పేరు వాడుకోవడాన్నే కట్టడి చేస్తుంది తప్ప పనిని కాదని 2020లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అందుకే బయట ఈ పేరుకు ఉన్న పట్టింపు మనకు మొదట్లో అర్థం కాదు. బ్రిటన్‌లో 1997 చట్టం కాపాడేదీ పేరునే, కానీ అక్కడ దాన్ని సీరియస్‌గా తీసుకుంటారు. ఆర్కిటెక్ట్స్ రిజిస్ట్రేషన్ బోర్డు, అంటే ఏ.ఆర్.బి., జాబితాలో లేనివాడు తన వెబ్‌సైట్‌లో ఆర్కిటెక్ట్ అని రాసుకుంటే నోటీసు వస్తుంది, మాట వినకపోతే కోర్టు దాకా వెళ్తుంది. మన బి.ఆర్క్‌ని వాళ్లు నేరుగా ఒప్పుకోరు. నువ్వు చేసిన పనిని వాళ్ల ప్రమాణాలతో పోల్చి చూసి, లోటు లేదని తేలాక, పార్ట్ 3 అనే చివరి మెట్టు కూడా దాటాలి. అది పూర్తిగా వృత్తి నిర్వహణ, కాంట్రాక్టులు, చట్టం మీద నడిచే పరీక్ష. అప్పటిదాకా నీ కార్డు మీద ఆర్కిటెక్చరల్ అసిస్టెంట్ అనో, డిజైనర్ అనో ఉంటుంది. ఈ దారిలో రూల్స్ మారుతున్నాయి, అప్లై చేసే ముందు ఏ.ఆర్.బి. సైట్ చూసుకోవడం తప్పనిసరి.

అమెరికాలో లైసెన్స్ రాష్ట్రం రాష్ట్రానికీ వేరు, కానీ మెట్లు దాదాపు ఒకటే: గుర్తింపున్న డిగ్రీ, 3,740 గంటల అనుభవం, ఆరు భాగాల ఏ.ఆర్.ఇ. పరీక్ష. ఇక్కడ మనవాళ్లు తరచుగా పడే గొయ్యి ఒకటుంది. చాలా రాష్ట్రాలు కోరేది ఎన్.ఏ.ఏ.బి. అనే అక్కడి సంస్థ గుర్తింపున్న ప్రొఫెషనల్ డిగ్రీని. మన బి.ఆర్క్ వాళ్లకు పెద్ద పెద్ద యూనివర్సిటీలు సులువుగా సీటు ఇచ్చేది ఏడాది, ఏడాదిన్నర పోస్ట్ ప్రొఫెషనల్ కోర్సుల్లో. వాటి పేరు గొప్పగా ఉంటుంది, ఫీజు ఇంకా గొప్పగా ఉంటుంది, కానీ ఆ కోర్సులకు ఎన్.ఏ.ఏ.బి. గుర్తింపు ఉండదు. తర్వాత మన పాత బి.ఆర్క్ మార్కుల జాబితాలన్నీ పంపి విడిగా మదింపు చేయించుకోవాలి. సీటు వచ్చిన సంబరంలో ఈ ముక్క ఎవరూ అడగరు. నువ్వు అడుగు. కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కింద వస్తుందా అని కూడా అడుగు. వస్తే చదువయ్యాక పని చేసుకునే ఏడాదికి తోడు మరో రెండేళ్లు కలిసొస్తాయి, రాకపోతే ఏడాదితో సరి. ఒకే డిగ్రీ ఒక యూనివర్సిటీలో స్టెమ్, పక్క యూనివర్సిటీలో కాదు.

ఆస్ట్రేలియాలో ఏ.ఏ.సి.ఏ. అనే సంస్థ మన డిగ్రీని చూస్తుంది, తర్వాత 3,300 గంటల అనుభవం, ఒక ప్రాక్టీస్ పరీక్ష. జర్మనీలో ప్రతి రాష్ట్రానికీ ఆర్కిటెక్టుల ఛాంబర్ ఉంది, ముందు జర్మన్ భాష రావాలి. బెర్లిన్‌లో ఇంగ్లీషుతో నడిచే స్టూడియోలు ఉన్నాయి కదా అంటావు, ఉన్నాయి. అయితే మునిసిపాలిటీతో మాట్లాడే పని వచ్చినప్పుడల్లా నిన్ను పక్కన కూర్చోబెడతారు.

ఇక ప్లానర్. ఈ వృత్తికి చాలా దేశాల్లో లైసెన్స్ అడ్డుగోడ లేదు. బ్రిటన్‌లో ఎవరైనా ప్లానర్‌గా ఉద్యోగం చేయొచ్చు. చార్టర్డ్ టౌన్ ప్లానర్ అని పిలిపించుకోవాలంటే మాత్రం అక్కడి ప్లానర్ల వృత్తి సంస్థ ఆర్.టి.పి.ఐ.లో సభ్యత్వం కావాలి. వాళ్ల గుర్తింపున్న కోర్సు చదివి, రెండేళ్ల అనుభవం తర్వాత రాతపూర్వకంగా నీ పనిని సమర్పించాలి: ఏం చేశావు, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నావు, ఎక్కడ చట్టం అడ్డొచ్చింది, నైతికంగా ఏ ఇబ్బంది వచ్చింది. అమెరికాలో ఏ.ఐ.సి.పి. అనే గుర్తింపు ఉంది కానీ అది లేకపోయినా ఉద్యోగం చేయొచ్చు. న్యూజెర్సీ ఒక్కటి ప్లానర్లకు కూడా లైసెన్స్ ఇస్తుంది, మనవాళ్లు ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో అదొకటి కాబట్టి చెప్తున్నాను. నెదర్లాండ్స్‌లో ఇంకో రకం, అక్కడ అర్బన్ ప్లానర్ అనే పేరును కూడా ఆర్కిటెక్ట్ పేరులాగే చట్టం కాపాడుతుంది.

గోడ లేదంటే సులువని కాదు. ఆర్కిటెక్ట్‌కి భాష కొంచెం తడబడినా డ్రాయింగ్ మాట్లాడుతుంది. ప్లానర్ పనంతా రాతే. నేను రోజూ చేసేది ఏమిటో చెప్తే నీకు తెలుస్తుంది.

మన దగ్గర అనుమతి అంటే లెక్క. 2012లో వచ్చిన జీవో 168 తెరిస్తే స్థలం ఎంత, ముందున్న రోడ్డు వెడల్పెంత, ఎత్తెంత, దానికి ఏ వైపు ఎంత సెట్‌బ్యాక్ (ఖాళీ జాగా) వదలాలో పట్టికలుంటాయి. లెక్క సరిపోతే శాంక్షన్ రావాలి. రాకపోతే ఎందుకు రాలేదో మనందరికీ తెలుసు, ఆ విషయం వదిలేద్దాం. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ పద్ధతి ఈ లెక్కను చివరిదాకా తీసుకెళ్లింది: 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అసలు అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల దాకా స్థలంలో, పది మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు సొంత పూచీ మీద వెంటనే అనుమతి. బ్రిటన్‌లో దీనికి పూర్తిగా ఎదురు. 1947 టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం భూమిని కాకుండా, భూమి మీద కట్టే హక్కును ప్రభుత్వం చేతికి తెచ్చింది. నీ భూమి నీదే, దాని మీద కట్టడానికి మాత్రం అనుమతి అడగాలి, ఆ అనుమతి పట్టిక చూసి ఇచ్చేది కాదు. చిన్న చిన్న మార్పులకు మినహాయింపులు ఉన్నాయనుకో. మిగతావన్నీ ఒక్కొక్కటిగా తూకం వేసి ఇచ్చేవే.

ఆ తూకం వేసి రాసేవాణ్ణి నేను. చిన్న అప్లికేషన్ అయితే 8 వారాలు, పెద్దది అయితే 13 వారాలు గడువు. ఉదాహరణకు ఎవరో ఇంటి వెనక ఒక గది పెంచుతామంటారు. పక్కింటివాళ్లకు ఉత్తరం వెళ్తుంది. వాళ్లు అభ్యంతరాలు రాస్తారు: మా వంటింట్లోకి వెలుతురు తగ్గుతుంది, మా ఇంటి ధర పడిపోతుంది, మాకు కొండ కనబడదు, ఆ ఇంటాయన మంచివాడు కాదు. వీటిలో వెలుతురు ఒక్కటే నేను లెక్కలోకి తీసుకోవాలి. ఇంటి ధర, కొండ కనబడటం, మనిషి మంచిచెడ్డలు చట్టం దృష్టిలో సంబంధం లేని విషయాలు. ఎందుకు తీసుకున్నానో, ఎందుకు తీసుకోలేదో రిపోర్టులో ఒక్కో వాక్యంగా రాయాలి. అప్లికేషన్ తిరస్కరిస్తే వాళ్లు అప్పీలుకు వెళ్తారు. అప్పుడు ప్లానింగ్ ఇన్‌స్పెక్టర్ చదివేది నేను రాసిన ఆ రిపోర్టునే. అందులో ఒక మాట అటూ ఇటూ అయితే కౌన్సిల్ ఓడిపోతుంది. ఇది రాయడానికి నాకు బి.ఆర్క్ కన్నా మా నాన్న గుమాస్తాగా రాసిన నోట్‌ఫైళ్లు ఎక్కువ ఉపయోగపడ్డాయని ఇంట్లో సరదాగా అంటుంటాను.

ఒకసారి మన తెలుగు కుటుంబమే, ముఖద్వారం మార్చడానికి అప్లికేషన్ పెట్టారు. పాత ఇటుక ఇళ్ల వీధి, మొత్తం కన్జర్వేషన్ ఏరియా, అంటే పాత రూపం కాపాడాలని గుర్తించిన చోటు. కారణం దగ్గర నిజాయితీగా వాస్తు అని రాశారు. వాళ్ల ఏజెంట్ ఫోన్ చేసి ఇది మతానికి సంబంధించిందా అని నన్నే అడిగాడు. ప్లానింగ్‌లో చూసేది ఆ వీధి ముఖం చెడుతుందా లేదా అన్నదే, ఈశాన్యం చెల్లదు. చివరికి పక్కవైపు ఉన్న చిన్న తలుపును పెద్దది చేసుకునేలా ప్లాన్ మార్చుకున్నారు, అనుమతి వచ్చింది, గృహప్రవేశం భోజనానికి పిలిచారు. కౌన్సిల్ రూల్ ప్రకారం నేను వెళ్లకూడదు, వెళ్లలేదు. పులిహోర పోయిందనే బాధ మాత్రం ఉంది.

నీకు ఇలాంటి పని నచ్చుతుందా? మనుషుల గొడవ విని, చట్టంతో తూచి, రాసి, మీటింగ్‌లో నిలబడి చెప్పడం? నచ్చితే ప్లానింగ్ చదువు. బిల్డింగ్ నిలబడటం చూస్తేనే తృప్తి అనుకుంటే వద్దు. ప్లానర్‌కి చూపించుకోవడానికి బిల్డింగ్ ఉండదు. నేను కాదన్నందువల్ల కట్టని బిల్డింగులు ఉన్నాయి, వాటిని ఎవరికి చూపిస్తాం?

ఈ రెండింటికీ మధ్యలో అర్బన్ డిజైన్ అని ఒకటుంది, మాస్టర్‌ప్లాన్లు గీసే పని. బి.ఆర్క్ వాళ్లు చాలామంది దానికే ఆకర్షితులవుతారు, కారణం డ్రాయింగ్ వదలక్కర్లేదు. మంచిదే. కానీ ఆ ఉద్యోగాలు ఎక్కువగా పెద్ద కన్సల్టెన్సీల్లో, పెద్ద ప్రాజెక్టుల మీద ఆధారపడి ఉంటాయి. ప్రాజెక్టు ఆగితే ముందు కోత పడేది ఆ టీమ్‌కే.

ఆ కోత గురించి చెప్పాలంటే గల్ఫ్ దగ్గరికి రావాలి. 2008 చివర్లో దుబాయ్‌లో ఆర్థిక సంక్షోభం మొదలైనప్పుడు నేను అక్కడే ఉన్నాను. గీస్తున్న టవర్లు గీస్తున్నట్టే ఆగిపోయాయి. వీసా ఉద్యోగానికి కట్టి ఉంటుంది కాబట్టి ఉద్యోగం పోయినవాడికి దేశం వదలడానికి కొద్ది రోజులే. మా టీమ్‌లో ఉన్న మలయాళీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు, మనవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. ఇప్పుడు పరిస్థితి వేరు, వీసా రూల్స్ కొంత మెరుగయ్యాయి, దుబాయ్ 2040 మాస్టర్‌ప్లాన్ అంటూ పనులూ ఉన్నాయి. అయినా గల్ఫ్ నిర్మాణ రంగం చమురు ధర, ప్రభుత్వ నిర్ణయాలతో పాటు లేస్తుంది, పడుతుంది. సౌదీలో 170 కిలోమీటర్ల పొడవు, 500 మీటర్ల ఎత్తుతో గీతలాంటి నగరం కడతామని ప్రకటించినప్పుడు ప్రపంచంలో సగం మంది అర్బన్ డిజైనర్లు దాని మీదే పనిచేస్తున్నారా అనిపించింది. తర్వాత దాని వేగం, పరిమాణం రెండూ తగ్గాయి.

అలాగని మీ సీనియర్ చూస్తానన్న ఉద్యోగం వద్దనను. లోన్ లేకుండా వెళ్తున్నావు, మొదటి నెల నుంచే డబ్బు మిగులుతుంది, చేతిలోకి వచ్చే బిల్డింగుల సైజు హైదరాబాద్ చిన్న ఫర్మ్‌లో కలలో కూడా రాదు. పైగా ఒకే టేబుల్ దగ్గర లెబనాన్, ఈజిప్ట్, బ్రిటన్ వాళ్లతో పనిచేయడం నేర్చుకుంటావు. కానీ ఆఫర్ లెటర్‌లో మొత్తం జీతం కాదు, బేసిక్ ఎంతో చూడు. యు.ఏ.ఇ.లో ఉద్యోగం మానేసినప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల బేసిక్. అందుకే చాలా ఆఫీసులు బేసిక్ తక్కువ పెట్టి, అలవెన్సులు పెంచి మొత్తం అంకె పెద్దగా చూపిస్తాయి. ఇంకో చేదు నిజం: ఒకే పనికి పాస్‌పోర్ట్‌ని బట్టి జీతం మారడం గల్ఫ్‌లో మామూలే. పక్క టేబుల్ వాడి జీతం తెలుసుకుని మనసు పాడు చేసుకోకు. డిగ్రీకి రాష్ట్రం, మన విదేశాంగ శాఖ, యు.ఏ.ఇ. ఎంబసీ వరసగా అటెస్టేషన్ వేయాలి, దానికి టైమ్ పడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టు.

అమరావతి ముచ్చట. నువ్వు అడిగిన దానిలో కొంత నిజం ఉంది. 217 చదరపు కిలోమీటర్ల రాజధాని నగరానికి మాస్టర్‌ప్లాన్ గీసింది సింగపూర్ సంస్థ సుర్బానా జురాంగ్. ప్రభుత్వ భవనాల డిజైన్‌కి ముందు జపాన్‌కి చెందిన మాకి సంస్థ ఎంపికైంది, తర్వాత లండన్ సంస్థ ఫోస్టర్ ప్లస్ పార్ట్‌నర్స్ వచ్చింది. కానీ ఆ నగరం అసలు సాధ్యమైంది దేని వల్ల? సుమారు 34 వేల ఎకరాలు రైతులు ఇవ్వడం వల్ల. అది సింగపూర్‌లో గీసింది కాదు. 2014 సి.ఆర్.డి.ఏ. చట్టం, 2015 జనవరిలో వచ్చిన భూసమీకరణ నిబంధనలు మన దగ్గర తయారైనవే. ఎకరం మెట్ట ఇచ్చినవాళ్లకు 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబు, అంటే నీటి వసతి ఉన్న సారవంతమైన భూమి, అయితే వాణిజ్య స్థలం 450 గజాలు. దానితో పాటు పదేళ్ల కౌలు, మెట్టకు ఎకరానికి 30 వేలు, జరీబుకు 50 వేలు, ఏటా పది శాతం చొప్పున పెంచుతూ. జరీబుకూ మెట్టకూ తేడా ఏమిటో, ఆ తేడాకు ఎంత ఇస్తే తుళ్లూరు రైతు ఒప్పుకుంటాడో బయటి కన్సల్టెంట్‌కి ఎవరు చెప్పాలి? 2019లో ఆ పనులు ఆగి, 2024లో మళ్లీ మొదలవడం కూడా ఏ మాస్టర్‌ప్లాన్‌లోనూ లేని విషయమే. రంగుల మ్యాపు బయటి నుంచి రావచ్చు. భూమి, చట్టం, జనం ఉన్న చోటే ఆ మ్యాపు ప్లాన్ అవుతుంది. నువ్వు సింగపూర్ వెళ్లినా నీ పరిస్థితి ఇదే, అక్కడ బయటివాడివి నువ్వు.

సింగపూర్ మీద మోజుంటే ఒక మాట. అక్కడి ప్లానింగ్ సంస్థ యు.ఆర్.ఏ. మాస్టర్‌ప్లాన్‌లో ప్రతి స్థలానికీ వాడకం, ప్లాట్ రేషియో (స్థలానికి ఎన్ని రెట్ల విస్తీర్ణం కట్టొచ్చో) రాసి ఉంటాయి, అయిదేళ్లకోసారి సమీక్షిస్తారు. హైదరాబాద్‌లో రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్ ఉంటే ఎఫ్.ఎస్.ఐ. అనే అలాంటి పరిమితి లేకుండా ఎత్తుకు పోవడం అలవాటైన మనకు అది మొదట బిగుతుగా అనిపిస్తుంది. అక్కడ పని చేయడానికి ఎంప్లాయ్‌మెంట్ పాస్ కావాలి. 2025 జనవరి నుంచి కనీస జీతం నెలకు 5,600 సింగపూర్ డాలర్లు, దాని మీద పాయింట్ల లెక్క వేరే. రెండేళ్ల అనుభవంతో కష్టం, అయిదారేళ్ల తర్వాత ప్రయత్నించదగ్గదే.

బయటికి వెళ్లి నిలబడ్డ ప్లానర్ ఎలా ఉంటాడో చూడాలంటే ఓటో కోనిగ్స్‌బర్గర్ గురించి చదువు. 1908లో బెర్లిన్‌లో పుట్టిన యూదుడు. నాజీలు వచ్చాక జర్మనీ వదిలి, ఈజిప్ట్ మీదుగా 1939లో మైసూరు సంస్థానానికి ఆర్కిటెక్ట్‌గా వచ్చాడు. జంషెడ్‌పూర్, భువనేశ్వర్ ప్లాన్లు ఆయనవే. స్వాతంత్ర్యం తర్వాత కేంద్ర ప్రభుత్వంలో గృహనిర్మాణ డైరెక్టర్‌గా, శరణార్థుల కోసం కట్టిన కొత్త ఊళ్ల పనిలో ఉన్నాడు. 1951లో లండన్ వెళ్లాక ఆయనకు అన్నం పెట్టింది జర్మనీలో చదివిన చదువు కాదు. మన ఎండ, మన వాన, తక్కువ డబ్బుతో ఎక్కువ ఇళ్లు కట్టే చిక్కు, ఇవన్నీ ఇక్కడ నేర్చుకుని అక్కడ ఉష్ణమండల ఆర్కిటెక్చర్ అనే విభాగాన్నే నడిపాడు. 1963లో ఐక్యరాజ్యసమితి తరఫున సింగపూర్‌కు సలహా ఇవ్వడానికి వెళ్లిన ముగ్గురిలో ఆయన ఒకడు.

ఇది పాత కథ అనుకోకు. 2022 జూలైలో ఇంగ్లండ్‌లో చరిత్రలో మొదటిసారి 40 డిగ్రీలు దాటింది. అదే ఏడాది జూన్ నుంచి కొత్త ఇళ్లు వేసవిలో మరీ వేడెక్కకుండా చూడాలని బిల్డింగ్ రూల్స్‌లో ఒక కొత్త భాగం చేర్చారు. పెద్ద పెద్ద అద్దాలు పెట్టి ఎండను లోపలికి పిలవడం తప్ప తెలియని ఆఫీసుల్లో, పడమటి గోడకు సన్‌షేడ్ ఎంత ఉండాలో, గాలి ఎటు నుంచి ఎటు పోవాలో మన కుర్రవాడు నోటి లెక్కగా చెప్పగలడు. మా మేస్త్రీకి కూడా తెలిసిన విషయం అక్కడ ఇప్పుడు స్పెషలిస్ట్ నాలెడ్జ్. నీ పోర్ట్‌ఫోలియోలో త్రీడీ వ్యూలు తగ్గించి, ఒక మామూలు తెనాలి ఇల్లు ఏప్రిల్‌లో ఎలా చల్లగా ఉంటుందో సెక్షన్ గీసి, కొలతలతో పెట్టు. వ్యూలు గీసేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు.

ఇక లోన్. బ్రిటన్ లెక్క చెప్తాను, ఎందుకంటే ఏడాది కోర్సు కదా అని అందరూ అటే చూస్తున్నారు. చదువయ్యాక గ్రాడ్యుయేట్ వీసా ఇప్పుడు రెండేళ్లు, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకు 18 నెలలే. నువ్వు వెళ్లేసరికి ఆ రెండో అంకే నీది. ఆలోగా స్కిల్డ్ వర్కర్ వీసాకు స్పాన్సర్ చేసే ఉద్యోగం దొరకాలి. 2025 జూలై నుంచి దాని మామూలు జీతం పరిమితి ఏడాదికి 41,700 పౌండ్లు. కొత్తగా వృత్తిలోకి వచ్చేవాళ్లకు తగ్గింపు ఉంది, 33,400, కానీ ఆ తగ్గింపు నాలుగేళ్లకు మించి వాడుకోలేం, గ్రాడ్యుయేట్ వీసా మీద గడిపిన కాలం కూడా ఆ నాలుగేళ్లలోనే కలుస్తుంది. ఆర్కిటెక్చరల్ అసిస్టెంట్‌కైనా, కొత్త ప్లానర్‌కైనా మొదటి జీతం ఈ గీతకు అటూ ఇటూగా ఉంటుంది. కౌన్సిళ్లలో ప్లానర్ల కొరత నిజమే. అన్ని కౌన్సిళ్లూ వీసా స్పాన్సర్ చేయవన్నదీ నిజమే. స్పాన్సర్ లైసెన్స్ ఉన్న సంస్థల జాబితా బ్రిటన్ ప్రభుత్వ సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. యూనివర్సిటీకి డబ్బు కట్టే ముందు ఆ జాబితాలో నువ్వు చేరదలచుకున్న ఆఫీసులు, కౌన్సిళ్లు ఎన్ని ఉన్నాయో చూడు. విదేశీ చదువుల కన్సల్టెన్సీలో కూర్చున్న అమ్మాయి ఈ జాబితా చూపించదు, ఆమె కమిషన్ యూనివర్సిటీ నుంచి వస్తుంది.

నీ చోట నేనుంటే ముప్పై అయిదు లక్షల అప్పు ఇప్పుడే చేయను. బెంగళూరులో పెద్ద అంతర్జాతీయ కన్సల్టెన్సీల డిజైన్ సెంటర్లున్నాయి. అట్కిన్స్‌రియాలిస్, ఏకామ్, డబ్ల్యు.ఎస్.పి. లాంటివి. బ్రిటన్, గల్ఫ్ ప్రాజెక్టుల డ్రాయింగులు చాలావరకు అక్కడ తయారవుతాయి. రెండేళ్లు అక్కడ చేస్తే వాళ్ల కోడ్‌లు, సబ్మిషన్ పద్ధతులు జీతం తీసుకుంటూ నేర్చుకుంటావు. తర్వాత చదువుకి వెళ్లినా, ఆఫీసు నుంచే బదిలీ అడిగినా నీ మాటకు బరువుంటుంది. దుబాయ్ ఆఫర్ మంచిదైతే అదీ ఇదే పని చేస్తుంది, ఆ డబ్బుతో ఫీజులో సగం నువ్వే కట్టుకోవచ్చు. ఇంట్లోవాళ్లు పొలం కాగితాలు బ్యాంకుకి తీసుకెళ్లే పని తప్పుతుంది.

వెనక్కి వస్తే డిగ్రీ పనికొస్తుందా అన్నావు. ప్రైవేటులో వస్తుంది, ఎవరూ పేచీ పెట్టరు. ప్రభుత్వ ఉద్యోగమైతే జాగ్రత్త. 2022 జూలైలో భారత్, బ్రిటన్ డిగ్రీల పరస్పర గుర్తింపు ఒప్పందం చేసుకున్నాయి, అక్కడి ఏడాది మాస్టర్స్‌ని మన దగ్గర గుర్తించడానికి. కానీ ఇంజినీరింగ్, మెడిసిన్, లా, ఆర్కిటెక్చర్ లాంటి వృత్తి డిగ్రీలను ఆ ఒప్పందం నుంచి బయట పెట్టారు. నీకు ఏపీపీఎస్సీ టౌన్ ప్లానింగ్ పోస్టుల మీద కన్ను ఉంటే పాత నోటిఫికేషన్ తీసి విద్యార్హత ఎలా రాశారో చదువు. అలాంటివాళ్లకు విజయవాడ ఎస్.పి.ఏ.లోనో, హైదరాబాద్ జె.ఎన్.ఏ.ఎఫ్.ఏ.యు.లోనో ప్లానింగ్ మాస్టర్స్ చేయడం ఖర్చులోనూ, పనికిరావడంలోనూ మేలు. సికింద్రాబాద్‌లో పుట్టిన ఛార్లెస్ కొరియా అమెరికాలో చదువుకుని వెనక్కి వచ్చి, ఇక్కడ నవీ ముంబయి ప్లాన్ చేసి పేరు తెచ్చుకున్నాక, ఎం.ఐ.టి., లిస్బన్, టొరంటో ఆయన్ను పిలిచి బిల్డింగులు కట్టించుకున్నాయి. ఆ దారి అందరికీ దొరకదు గానీ, దారి అటు నుంచి కూడా ఉందని చెప్తున్నాను.

ఏ దేశం తేల్చుకున్నా కొన్ని కాగితాలు ఇప్పుడే పోగుచేయి, తర్వాత దూరం నుంచి తెప్పించుకోవడం నరకం. బి.ఆర్క్ అయిదేళ్ల సిలబస్ యూనివర్సిటీ స్టాంపుతో, సెమిస్టర్ వారీ మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్‌లు కనీసం మూడు సెట్లు. ట్రైనింగ్ చేసిన ఆఫీసు నుంచి, ఇప్పటి ఆఫీసు నుంచి అనుభవ పత్రాలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, వారానికి ఎన్ని గంటలు, ఏ ప్రాజెక్టులో నీ పాత్ర ఏమిటి అని వివరంగా. "మంచి అబ్బాయి, కష్టపడి పనిచేశాడు" అని రాసిన లెటర్ ఏ బోర్డూ చూడదు. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ లాప్స్ కానివ్వకు. నువ్వు గీసిన డ్రాయింగులు వాడుకోవడానికి మీ సార్ దగ్గర ఈమెయిల్‌లో అనుమతి తీసుకో. వీలైతే మీ సార్‌ని అడిగి వారానికి రెండు రోజులు సైట్‌కి వెళ్లు.

దుబాయ్ ఆఫర్ లెటర్ వస్తే కంపెనీ పేరు, నీ పేరు తీసేసి పెట్టు. బేసిక్ ఎంత, నోటీస్ పీరియడ్ ఎంత, వీసా ఖర్చు ఎవరిది అన్నవి చూసి చెప్తాను.